ఏడుగురి బంతియాట

ఆటలన్నింటిలోను ఫుట్‌బాల్ మిక్కిలి సులభముగా ఆరంభింపదగినది. దానికి ఖరీదైన పరికరము లక్కరలేదు. ఒక బంతి, కొంత బయలు, పదిమంది స్నేహితులు ఉన్నచో చాలును. అందుచేతనే అది లోకమంతటను వ్యాపించినది. బ్రెజిలు దేశపు సముద్రతీరమున ఆడు ఆటయు, చెరకుతోటల నడుమ నున్న చోడవరమున ఆడు ఆటయు ఒక్కటియే.

చోడవరము అనకాపల్లికి చేరువనున్న పట్టణము. అది చిరకాలము విశాఖపట్టణము జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్‌లో క్రొత్తగా ఏర్పడిన అనకాపల్లి జిల్లాలో చేరినది. చెరకునకు, బెల్లమునకు పేరుపొందిన సీమ యిది. ఇట్టి ఊళ్ళలో సాయంకాలము బడిగంట మ్రోగిన వెంటనే పిల్లలు మైదానమునకు పరుగెత్తుదురు. కాని ఏ ఊరి మైదానము చూచినను, గట్టుమీద కూర్చుండి ఇతరుల ఆటను చూచుటతోనే తృప్తిపడవలసిన బాలుడో, బాలికయో ఒకరు కనబడుట కలదు. అడుగు తడబడుట చేతనో, చేయి బిగుసుకొని యుండుట చేతనో వారిని జట్టులోనికి ఎవరును పిలువరు. “పాపము, ఆడలేడు” అని పెద్దలు జాలిపడుదురు. ఆ మాట నిజమా? ఆడలేనిది బాలుడా, అతనికి చోటీయలేనిది ఆటయా? ఈ ప్రశ్నకు కొన్ని దేశములవారు నలువది యేండ్లకు పైగా మైదానముననే సమాధానము చెప్పుచున్నారు.

అట్టి వైకల్యమునకు గల కారణములలో ముఖ్యమైన దొకటి మస్తిష్క పక్షవాతము. వైద్యులు దీనిని సెరిబ్రల్ పాల్సీ యందురు. శిశువు గర్భమున నుండగా గాని, ప్రసవసమయమున గాని, పుట్టిన తరువాత తొలి యేండ్లలో గాని, పెరుగుచున్న మెదడునకు దెబ్బ తగులుటచే ఇది కలుగును. నెలలు నిండక పుట్టుట, పుట్టునపుడు ప్రాణవాయువు చాలకపోవుట, పసికందునకు పచ్చకామెర్లు ముదురుట, మెదడు పొరలకు వ్యాధి సోకుట మొదలగునవి దీనికి హేతువులు. పుట్టిన వేయిమంది శిశువులలో సుమారు ఇద్దరు ముగ్గురకు ఇది సంభవించును. ఇది అంటువ్యాధి కాదు, పూర్వజన్మ పాపఫలమును గాదు, గ్రహదోషమును గాదు. మెదడునకు తగిలిన ఆ దెబ్బ కాలక్రమమున పెరుగదు. పూర్తిగా మాయమును గాదు.

ఈ స్థితిలో మూలలోపము కండరములలో లేదు. వానికి ఆజ్ఞలు పంపు మెదడు భాగములో నున్నది. అందుచే కొందరికి కండరములు కొయ్యవలె బిగుసుకొనును. కొందరికి చేతులును కాళ్ళును తమ ఇచ్ఛతో నిమిత్తము లేకుండ కదలును. మరికొందరికి నిలకడ తప్పి తూలుడు కలుగును. ఒకరికి రెండు కాళ్ళును, ఇంకొకరికి ఒక ప్రక్కనున్న కాలుసేతులును దీనికి లోబడును. కొందరికి బుద్ధిమాంద్యము తోడగుట కలదు. కాని మాట తడబడినంత మాత్రమున తెలివి తక్కువ యని తలంచుట పెద్ద పొరపాటు. వీరిలో పెక్కుమంది బుద్ధియందు తోటివారికి ఏ మాత్రమును తీసిపోరు.

ఈ స్థితిని మొట్టమొదట శాస్త్రీయముగా వర్ణించిన వారిలో విలియం జాన్ లిటిల్ అను ఆంగ్లవైద్యుడు ప్రసిద్ధుడు. ఆయన 1810లో లండనులో జన్మించెను. బాల్యముననే జబ్బుచేసి ఆయన పాదము వంకరపోయెను. దానిని సరిచేయగల వారిని వెదకుచు జర్మనీ దేశమునకు పోయి, 1836లో హానోవరు నగరమున స్ట్రొమేయరు అను శస్త్రవైద్యునిచే చికిత్స పొందెను. నడక చక్కబడిన తరువాత ఆ చికిత్సావిధానమునే నేర్చి స్వదేశమునకు మరలివచ్చెను. ప్రసవసమయమున శిశువు పొందు కష్టమునకును, తరువాత కనబడు కండరముల బిగువునకును సంబంధము కలదని ఆయన 1861లో వైద్యుల సభయందు ఉపన్యసించెను. అటుపిమ్మట చాలకాలము వరకు జనులు దీనిని ‘లిటిల్ వ్యాధి’ యనియే పిలిచిరి. నడకకై తాను కష్టపడిన వాడే పరుల నడకను గూర్చి అంత శ్రద్ధతో పరిశీలించుట గమనింపదగినది.

వ్యాధికి కారణము తెలిసినను, రోగికి ఆటలో చోటు దొరకుటకు మరియొక నూరేండ్లు పట్టెను. 1948లో ఇంగ్లండునందలి స్టోక్ మాండివిల్ ఆసుపత్రిలో లుడ్విగ్ గట్‌మన్ అను వైద్యుడు, యుద్ధమున వెన్నెముక దెబ్బతిని చక్రముల కుర్చీలలో కాలము గడుపుచున్నవారికి విలువిద్యలో పోటీలు నడిపెను. లండను ఒలింపిక్ క్రీడలు ఆరంభమైనదియు ఆ దినముననే. ఆ చిన్న పోటీయే పెరిగి 1960లో రోము నగరమున జరిగిన తొలి పారాలింపిక్ క్రీడలకు దారితీసెను. మొదట వెన్నెముక దెబ్బతిన్న వారికే వానిలో ప్రవేశ ముండెను. 1976లో అంధులును, అవయవములు కోల్పోయినవారును చేరిరి. 1980లో నెదర్లాండ్సు దేశమున జరిగిన క్రీడలలో మస్తిష్క పక్షవాతము గలవారికిని తలుపులు తెరచిరి. అంతకు రెండేండ్ల ముందే, 1978లో, స్కాట్లండు రాజధాని యగు ఎడింబరో నగరమున వారు అంతర్జాతీయ క్రీడలలో ఫుట్‌బాల్ ఆడియుండిరి. 1984లో న్యూయార్కు పారాలింపిక్ క్రీడలలో ఆ ఆట చేరెను.

ఈ ఆటలో జట్టునకు పదునొకండుగురికి బదులు ఏడుగురు మాత్రమే ఉందురు. మైదానము సుమారు 70 మీటర్ల పొడవు, 50 మీటర్ల వెడల్పు గలది. గోలు 5 మీటర్ల వెడల్పును, 2 మీటర్ల ఎత్తును కలిగియుండును. సాధారణపు ఆటలో అది 7.32 మీటర్ల వెడల్పును, 2.44 మీటర్ల ఎత్తును గలదని తెలిసినచో భేదము బోధపడును. ఒక్కొక్క భాగము 30 నిమిషములు. ఆఫ్‌సైడ్ నియమము లేదు. బంతి గీత దాటినపుడు రెండు చేతులతో తలమీదుగా విసరనక్కరలేదు. ఒక చేతితో నేలమీద దొర్లించినను చెల్లును. ఒక చేయి పైకెత్తలేని వానికి ఈ చిన్న సవరణ ఎంత మేలు చేయునో ఊహింపవచ్చును. తక్కిన నియమము లన్నియు ఇంచుమించు సాధారణపు ఆటవే. తప్పుచేసిన వానికి పసుపు చీటీయు, ఎఱ్ఱ చీటీయు ఇక్కడను తప్పవు. ఈ ఆటలో జాలికి తావులేదు.

ఇందలి నేర్పు సామాన్యమైనది కాదు. కుడిప్రక్క బిగుసుకొనిన ఆటగాడు ఎడమకాలితో బంతిని తన్నవలెనన్నచో, ఆ క్షణమున తన బరువునంతటిని బలహీనమైన కుడికాలిమీద నిలుపవలెను. కుడికాలితో తన్నవలెనన్నచో ఆ కాలు తన మాట వినవలెను. ఇతరులు ఆలోచింపకయే చేయు పనిని అతడు ప్రతిసారియు ఆలోచించి, అభ్యసించి సాధింపవలెను.

ఈ ఆటయందలి ముఖ్యనియమము వేరొకటి కలదు. పోటీకి ముందు నిపుణులు ప్రతి ఆటగానిని పరీక్షించి, ఆడుచుండగా చూచి, వైకల్యము ననుసరించి మూడు తరగతులుగా విభజింతురు. మొదటి తరగతివారికి వైకల్యము ఎక్కువ, రెండవవారికి మధ్యమము, మూడవవారికి స్వల్పము. 2018 నుండి అమలులోనున్న పద్ధతి ననుసరించి, ప్రతి జట్టులోను మొదటి తరగతికి చెందిన ఒక్కడైనను ఆట జరుగునంతసేపు మైదానముననే ఉండవలెను. మూడవ తరగతివాడు ఒక్కనికంటె మించరాదు. మొదటి తరగతివాడు లేని జట్టు ఆరుగురితోనే ఆడవలెను. 2018కి పూర్వము తరగతుల పేర్లు వేరైనను నియమముయొక్క సారమిదియే.

ఈ నియమము లేనిచో ఏమి జరుగునో ఊహించుట కష్టము కాదు. గెలువవలెనను కోరికతో ప్రతి శిక్షకుడును స్వల్పవైకల్యము గల ఏడుగురినే ఏరుకొనును. ఎక్కువ కష్టపడువాడు ఈ ఆటలోను మరల గట్టుమీదనే మిగులును. ఆ ప్రమాదమును ఎరిగియే నియమకర్తలు అతని స్థానమును దయకు విడువక, శాసనముచే కట్టిరి. అందుచే ప్రతి శిక్షకుడును అట్టి ఆటగానిని వెదకవలెను, తీర్చిదిద్దవలెను, జట్టు యావత్తును అతనితో కలిసి ఆడుట నేర్వవలెను. బలహీనుడు జట్టునకు భారము గాక అవసర మయ్యెను.

మెదడునకు తరువాతి కాలమున దెబ్బతగిలిన వారును ఈ ఆటకు అర్హులే. 2016లో రియో నగరమున బ్రిటను జట్టునకు నాయకత్వము వహించిన జాక్ రట్టర్ మొదట సాధారణపు ఫుట్‌బాల్‌లో పేరుపొందగోరిన యువకుడు. 2009లో ఒకడు కొట్టిన దెబ్బకు అతని పుఱ్ఱె పగిలెను. ఒక చెవి వినికిడి పోయెను. ఆటయే అతనికి మరల జీవితమున నిలదొక్కుకొను శక్తి నిచ్చెను.

పారాలింపిక్ క్రీడలలో 1984లో బెల్జియమును, 1988, 1992, 1996లలో నెదర్లాండ్సును ఈ ఆటయందు ప్రథమస్థానము పొందెను. 2000, 2012లలో రష్యాయు, 2004, 2008, 2016లలో ఉక్రెయినును గెలిచెను. 2016లో ఉక్రెయినుచే చివరి పోటీలో ఓడి రెండవ స్థానము పొందినది ఆసియా ఖండమునకు చెందిన ఇరాను. ఉక్రెయిను సంపన్నదేశము కాదు. అయినను ఆ దేశమున ‘ఇన్వాస్పోర్ట్’ అను పేర ప్రాంత ప్రాంతమునను వికలాంగులకై క్రీడాకేంద్రములు వెలసినవి. ఆ వ్యవస్థకు పాదులు వేసిన వలేరి సుష్కెవిచ్ బాల్యముననే పోలియోకు లోనై చక్రముల కుర్చీకి పరిమితమైనవాడు. విజయము రాజధానిలో గాక చిన్న ఊళ్ళలో మొలకెత్తునని ఆ దేశపు చరిత్ర చాటుచున్నది.

ఇంత చరిత్ర గల ఆటకు 2015లో గట్టి దెబ్బ తగిలెను. 2020 టోక్యో పారాలింపిక్ క్రీడలలో దీనికి చోటులేదని ఆ సంవత్సరము జనవరిలో అంతర్జాతీయ పారాలింపిక్ సంఘము ప్రకటించెను. ఆట బాగుండలేదని వారనలేదు. తగినన్ని దేశములలో వ్యాపింపలేదని మాత్రమే అనిరి. 2024 పారిస్ క్రీడలలోను ఈ ఆట జరుగలేదు. 2028 లాస్ ఏంజలిస్ క్రీడల పట్టికలోను దీని పేరు లేదు. ఎన్నో యేండ్లు శ్రమించిన ఆటగాండ్రకు తమ తప్పేమియు లేకయే గమ్యము దూరమయ్యెను.

అయినను ఆటను ప్రేమించువారు చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2015లోనే ఈ ఆటకై ప్రత్యేకముగా అంతర్జాతీయ సమాఖ్య యొకటి వెలసెను. క్రొత్త దేశములలో శిక్షకులను, న్యాయనిర్ణేతలను తయారుచేయుట, ఖండములవారీగా పోటీలు నడుపుట దాని పనులు. అంతవరకు ఇంచుమించు పురుషులకే పరిమితమైన ఆటను స్త్రీలకును విస్తరింపజేసిరి. వారికి జట్టునకు ఐదుగురు. 2022లో స్పెయిను దేశమందలి సాలో పట్టణమున స్త్రీలకు తొలి ప్రపంచపోటీ జరుగగా, అమెరికా జట్టు ఆస్ట్రేలియాను ఓడించి గెలుపొందెను.

వ్యాప్తి చాలలేదన్న మాట భారతదేశమునకును తగులును. పారాలింపిక్ క్రీడలలో ఈ ఆట జరిగినంతకాలము భారతజట్టు ఒక్కమారైనను అందు పాల్గొనలేదు. ఫుట్‌బాల్ తెలుగునాటికి క్రొత్తది కాదు. హైదరాబాదునకు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ శిక్షణలో భారతజట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమును, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకమును పొందెను. వైకల్యమును జయించిన క్రీడాకారులకును తెలుగునాట కొదువలేదు. గుంటూరు సీమవాడగు అజయ్‌కుమార్ రెడ్డి అంధుల క్రికెట్‌లో భారతజట్టునకు నాయకుడై ప్రపంచపోటీలలో విజయము సాధించెను. వరంగల్లు సీమలోని కల్లెడ గ్రామపు జీవంజి దీప్తి బుద్ధిమాంద్యము గలదని ఊరివారి యెగతాళికి గురియైన బాలిక. నాగపురి రమేష్ అను శిక్షకుని కంటబడి, ఆమె 2024 పారిస్ పారాలింపిక్ క్రీడలలో 400 మీటర్ల పరుగున కాంస్యపతకము గెలిచెను. వారిరువురకును దొరకినవి రెండు: గుర్తించిన కన్నొకటి, పోటీపడుటకు వేదిక యొకటి. మస్తిష్క పక్షవాతము గల పిల్లలకు కావలసినవియు ఆ రెండే.

చట్టము దారి చూపుచునే యున్నది. 2016లో భారతపార్లమెంటు చేసిన వికలాంగుల హక్కుల చట్టము 21 విధములైన వైకల్యములను పేర్కొన్నది. వానిలో మస్తిష్క పక్షవాత మొకటి. క్రీడలలో వికలాంగులకు తగిన భాగము కల్పించుట ప్రభుత్వముల విధి యని ఆ చట్టమందలి 30వ విభాగము చెప్పుచున్నది. ఆంధ్రప్రదేశమున ప్రత్యేకావసరములు గల పిల్లలకై మండలములలో ‘భవిత’ కేంద్రములు ఏర్పడినవి. వానిలో చదువుతోపాటు కండరములకు వ్యాయామచికిత్సయు లభించును. ఆ వ్యాయామము చేసిన కాలు గదినుండి మైదానమునకు రాగలిగిన నాడు ఆటకు బీజము పడును.

ఆ పనికి పెద్ద నగరమే కానక్కరలేదు. 70 మీటర్ల పొడవు గల బయలు చోడవరము వంటి పట్టణమున దొరకనిది కాదు. సున్నముతో గీతలు గీయుటకు గంట చాలును. రెండు గోళ్ళకు నాలుగు వెదురుబొంగులు చాలును. చుట్టుప్రక్కల మండలములలో వెదకినచో ఏడుగురు ఆటగాండ్రు దొరకకపోరు. ఒక ఊరిలో అంతమంది లేనిచో తక్కిన స్థానములలో వారి తోటివిద్యార్థులే నిలిచి అభ్యాసము సాగింపవచ్చును. వైద్యుని సలహా, వ్యాయామోపాధ్యాయుని ఓర్పు, పిలిచి చేర్చుకొను స్నేహితుల మనస్సు మాత్రము తప్పక కావలెను.

ఒక ఆట ఎన్ని దేశములకు వ్యాపించినదో లెక్కించువారు దేశముల పేర్లు వ్రాసుకొందురు. కాని ఆ లెక్క మొదలగునది దేశములతో గాదు. ఏదో ఒక ఊరి మైదానమున, గట్టుమీద కూర్చున్న ఒక బాలుని “రా, మా జట్టులో ఒకడు తక్కువ” అని పిలుచుటతో మొదలగును.

ప్రశ్నలు

1. మస్తిష్క పక్షవాతము అనగా నేమి? దానిని గూర్చి జనులలో గల అపోహ లెట్టివి?
2. ఏడుగురి ఫుట్‌బాల్‌కును, సాధారణపు ఫుట్‌బాల్‌కును గల భేదములను తెలుపుము.
3. ఎక్కువ వైకల్యము గల ఆటగాడు మైదానమున ఉండితీరవలె నను నియమము నేల చేసిరి?
4. టోక్యో పారాలింపిక్ క్రీడలనుండి ఈ ఆటను తొలగించుటకు కారణమేమి?
5. మీ పాఠశాలలో ఇట్టి ఆటను ఆరంభించుటకు ఏమేమి చేయవలయునో పది వాక్యములలో వ్రాయుము.