చప్పుడు - చెవుడు

విజయనగరం జిల్లాలోని గరివిడి పేరు చెప్పగానే మాంగనీసు స్ఫురిస్తుంది. పరిసరాలలోని గనులు, శ్రీరామ్‌నగర్‌లోని ఫెర్రో ఎల్లాయ్స్ కర్మాగారం ఎన్నో కుటుంబాలకు జీవనాధారమయ్యాయి. రాతిని తొలిచే యంత్రం, ఖనిజాన్ని నలగగొట్టే క్రషర్, కొలిమి హోరు - ఇటువంటి వృత్తులు ఎక్కడ ఉన్నా చప్పుడు వాటిని వీడని నీడ.

కంటికి దెబ్బ తగిలితే తక్షణమే తెలుస్తుంది. చప్పుడు వల్ల చెవికి కలిగే హాని సాధారణంగా అలా తెలియదు. నొప్పి ఉండదు, నెత్తురు రాదు. ధ్వని తరంగాలు కర్ణభేరిని తాకగా, ఆ కంపనాలను మూడు చిన్న ఎముకలు లోపలి చెవికి చేరవేస్తాయి. అక్కడ నత్తగుల్ల ఆకారంలో ఉన్న కాక్లియాలో సుమారు 15,000 రోమకణాలు ఉంటాయి. ఆ కంపనాలను విద్యుత్ సంకేతాలుగా మార్చి, శ్రవణనాడి ద్వారా మెదడుకు అందించేవి అవే. 85 డెసిబెళ్లకు మించిన ధ్వనిలో రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏళ్ల తరబడి శ్రమించేవారిలో ఇవి క్రమంగా నశించవచ్చు. విరిగిన ఎముక అతుకుతుంది. నశించిన రోమకణం మాత్రం మనిషిలో మళ్లీ పుట్టదు.

మొదట దూరమయ్యేవి కీచు ధ్వనులు. కనుక మాట వినబడుతుంది గాని, 'తల' అన్నారో 'కల' అన్నారో తెలియదు. ఇంటివారు దానిని పరధ్యానమని విసుక్కుంటారు. చెవిటివాని ముందు శంఖం ఊదినట్లు అనే సామెతలోని పరిహాసం ఎంత నిర్దయమైనదో అప్పుడు బోధపడుతుంది. ఆ సిగ్గు వల్లనే పలువురు వైద్యుని వద్దకు ఆలస్యంగా వెళతారు.

చెవుడంతా ఒక్కటి కాదు. గులిమిని తీయించవచ్చు, చీము కారే చెవికి మందులున్నాయి, చిల్లుపడిన కర్ణభేరిని శస్త్రచికిత్సతో సరిచేయవచ్చు. మేనరికపు వివాహాలు, గర్భిణికి సోకిన రుబెల్లా, జెంటమైసిన్ వంటి మందులు లోపలి చెవిని దెబ్బతీయగలవు. పుట్టుచెవుడు గల శిశువుకు మాటలు వచ్చే వయసు దాటకముందే పరీక్ష జరగాలి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకం కాక్లియర్ ఇంప్లాంట్ చికిత్సను పేదపిల్లల చెంతకు తెచ్చింది.

కార్మికునికి వినికిడి యంత్రం కొంత ఊరట మాత్రమే. అధిక ధ్వని వల్ల కలిగే వినికిడి లోపాన్ని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడవ షెడ్యూలు అధికారులకు తెలియజేయవలసిన వృత్తివ్యాధులలో చేర్చింది. చేయి చాపినంత దూరంలోని మనిషితో అరచి మాట్లాడవలసి వస్తే, అక్కడి చప్పుడు హద్దు మీరినట్లే. అటువంటి చోట చెవిబిరడాలు ధరించి, ఏటేటా ఆడియోమెట్రీ పరీక్ష చేయించుకోవాలి.