ఆవిరి యంత్రము – తనంత తాను పడే నూనెచుక్క

(తృతీయ సంవత్సరం బి.యస్సీ., గణిత-భౌతిక-రసాయన శాస్త్రాల విద్యార్థి)

పల్లెటూరివాళ్ళకు కందెన అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. గడ్డి కాల్చిన మసిలో ఆముదం పోసి, మెత్తగా కలిపి, ఎద్దులబండి ఇరుసుకు పూసేదే కందెన. దాన్ని వెదురు గొట్టంలో నింపి బండికింద వేలాడదీసుకునేవాళ్ళు. దారిలో చక్రం కిర్రుమంటే బండి నిలిపి, చీల ఊడదీసి, చక్రాన్ని కొంచెం బయటికి లాగి, పుల్లతో ఇరుసుకు రాసి మళ్ళీ తోలుకొని పోయేవాళ్ళు. పెనుకొండ దగ్గర మా ఊళ్ళో మా తాత ఒక మాట అంటుంటాడు: "చక్రం అరిచేదాకా ఆగితే ఇరుసు అప్పటికే అరిగింటాది."

ఈ మాటలో ఒక పెద్ద సమస్య దాగి ఉంది. బండిని నిలపవచ్చు, నూనె రాయవచ్చు. నిలపడానికి వీలులేని యంత్రానికి నూనె ఎలా పోయాలి? లోపల నిప్పులాంటి ఆవిరి ఒత్తిడితో నిండి ఉన్న సిలిండర్‌లోకి నూనెచుక్కను ఎలా పంపాలి? పంతొమ్మిదవ శతాబ్దపు ఇంజనీర్లను చాలాకాలం వేధించిన ప్రశ్న ఇది. దీనికి దొరికిన జవాబు మన వంటింట్లో కూడా ఉన్నదే. ఆ కథనే నా మిత్రులకు చెప్పాలని ఈ వ్యాసం రాస్తున్నాను. రాయడానికి నాకు ఇంకొక కారణం కూడా ఉంది. అది చివర చెబుతాను.

మన దారిలో ఆవిరి బండి

గుంతకల్లు నుంచి ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగుళూరుకు పోయే రైలుమార్గం 1890ల తొలినాళ్ళలో మీటరు గేజిగా ఏర్పడింది. 1980ల దశకంలో అది బ్రాడ్‌గేజిగా మారింది. ఆ మధ్యకాలమంతా ఈ దారిన బండ్లను లాగింది ముఖ్యంగా ఆవిరి ఇంజన్లే. మా తాతకు అన్నగారు, మేము పెద్దతాత అని పిలిచే ఆయన, లోకోషెడ్డులో క్లీనరుగా చేరి ఫైర్‌మన్‌గా ఈ దారిలోనే బొగ్గు వేశారు. మొన్న సంక్రాంతికి నేను అడిగితే ఆయన ముందుగా చెప్పింది బొగ్గు గురించి కాదు, నూనె గురించి. "బొగ్గు తక్కువైతే బండి నిలుస్తాది, అంతే. నూనె తక్కువైతే ఇంజనే పోతాది" అన్నారు.

ఎంత నిజమో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఆనాడు మీటరు గేజి మీద ప్రయాణికుల బండ్లను లాగిన వై.పి. తరగతి ఇంజన్‌ను తీసుకోండి. దాని పెద్ద చక్రం వ్యాసం 1.37 మీటర్లు. అంటే చుట్టుకొలత సుమారు 4.3 మీటర్లు. ధర్మవరం నుంచి హిందూపురానికి రైలుదారి సుమారు 75 కిలోమీటర్లు. కాబట్టి చక్రం 17 వేల చిల్లర చుట్లు తిరగాలి. ఒక్కొక్క చుట్టుకు ముషలకం, అంటే పిస్టన్, సిలిండర్‌లో ఒకసారి పోయి ఒకసారి వస్తుంది. దాని ఒక ప్రయాణం 61 సెంటీమీటర్లు. గుణించి చూస్తే, బండి హిందూపురం చేరేలోగా పిస్టన్ సిలిండర్ గోడను రాసుకుంటూ సుమారు 21 కిలోమీటర్లు నడుస్తుంది! ఇనుము మీద ఇనుము, 200 డిగ్రీల సెంటీగ్రేడు దాటిన వేడిలో. మధ్యన ఉండేది పలుచని నూనెపొర ఒక్కటే.

నూనెపొర ఏం చేస్తుంది?

ఎంత నునుపుగా ఉన్న లోహం మీదనైనా కంటికి కనపడని గుట్టలు, గుంతలు ఉంటాయి. రెండు తలాలు ఒరుసుకున్నప్పుడు ఈ గుట్టలు ఒకదానికొకటి తగిలి విరుగుతాయి, వేడెక్కుతాయి, ఒక్కొక్కచోట అతుక్కుంటాయి కూడా. మధ్యలో నూనె ఉంటే లోహం లోహాన్ని తాకదు.

ఈ సంగతి ప్రయోగంలో బయటపడిన తీరు ముచ్చటగా ఉంటుంది. 1883 ప్రాంతంలో ఇంగ్లండులో బోషాంప్ టవర్ అనే ఇంజనీరు రైలు ఇరుసుల బేరింగుల మీద ప్రయోగాలు చేస్తున్నాడు. నూనె పోయడానికి బేరింగ్ పైభాగాన ఒక రంధ్రం చేశాడు. ఇరుసు తిరగగానే పైనుంచి పోయవలసిన నూనె ఆ రంధ్రంలోంచి పైకి ఉబికింది. బిరడా కొడితే ఆ బిరడాను కూడా బయటికి తోసేసింది. అంటే తిరిగే ఇరుసు నూనెను తనతో ఈడ్చుకొనిపోయి, తనకూ బేరింగుకూ మధ్య ఇరికించి, బరువును మోసేటంత ఒత్తిడిని అదే పుట్టిస్తున్నదన్నమాట. 1886లో ఆస్బర్న్ రేనాల్డ్స్ దీనికి గణితసిద్ధాంతం ఇచ్చాడు. మన ద్రవగతిశాస్త్రం పాఠంలో రేనాల్డ్స్ సంఖ్య చదువుకున్నామే, ఆయనే ఈయన.

సిలిండర్ దగ్గర వచ్చిన చిక్కు

ఇరుసుకు నూనె అందించడం అంత కష్టం కాదు. నూనెగిన్నెలో ఉన్ని వత్తి ఒకటి వేస్తే, దీపపు ప్రమిదలోలాగా కేశాకర్షణ చేత నూనె పైకి పాకి ఇరుసు మీదికి దిగుతుంది. మన దేశపు తొలి రైళ్ళలో ఇలాంటి పనులకు ఆముదం కూడా వాడేవారు. ఎద్దులబండి కందెన రైలుబండి దాకా ప్రయాణం చేసిందన్నమాట.

సిలిండర్ సంగతి వేరు. అది మూసి ఉంటుంది. లోపల ఆవిరి బలంగా ఒత్తుతుంటుంది. మూత తీస్తే నూనె లోపలికి పోవడానికి బదులు ఆవిరే మొహం మీదికి కొడుతుంది. అందుకని తొలిరోజుల్లో సిలిండర్ మీద ఒక గిన్నె, దానికి కవాటాలు అమర్చి, డ్రైవరు ఆవిరి కట్టేసిన సమయం చూసి, ఫైర్‌మన్ ఇంజన్ పక్కనున్న సన్నని పలక మీద నడిచిపోయి, కరిగించిన జంతువుల కొవ్వు అందులో పోసేవాడు. బండి పరుగెత్తుతుండగానే! కాలు జారితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. ఫ్యాక్టరీ యంత్రాలకైతే నూనెడబ్బాతో ఒక మనిషి ఎప్పుడూ కాపలా ఉండాలి.

ఇంత చేసినా నూనె ఒకసారి వరద, ఒకసారి కరువు. పైగా జంతువుల కొవ్వు వేడి ఆవిరిలో విచ్ఛిత్తి చెంది కొవ్వు ఆమ్లాలు పుట్టి, కాపాడవలసిన లోహాన్నే తినేది. 1859లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో డ్రేక్ నూనెబావి పడిన తర్వాతనే వేడికి తట్టుకునే ఖనిజ నూనెలు విరివిగా దొరికి ఈ బాధ తగ్గుముఖం పట్టింది.

నీళ్ళు కిందికి, నూనె పైకి

ఇంగ్లండులో లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే ఇంజనీరు జాన్ రామ్స్‌బాటమ్ 1860లో ఒక ఉపాయం కనిపెట్టాడు. నూనె నిండిన ఒక మూసిన గిన్నెకు ఆవిరి తగిలే దారి ఇచ్చాడు. గిన్నె బయట గాలి తగిలి చల్లగా ఉంటుంది గనుక లోపలికి వచ్చిన ఆవిరి కొంచెం కొంచెంగా నీరవుతుంది. నీరు నూనెకన్నా బరువు. కాబట్టి అడుగుకు దిగుతుంది. దిగిన ప్రతి నీటిచుక్కా అంతే పరిమాణం గల నూనెను పైకి లేపుతుంది. పైకి లేచిన నూనె గిన్నెలోని గొట్టం అంచు దాటి సిలిండర్‌లోకి జారుతుంది. స్క్రూ లేదు, పంపు లేదు, మనిషి లేడు. చారు మీద పోపు నూనె తేలుతుందని మన ఇళ్ళలో అందరికీ తెలుసు. ఆ తెలిసినదాన్నే ఆయన పనిలో పెట్టాడు.

తర్వాత వచ్చిన మెరుగైన రకాల్లో ఆవిరిని నీరుగా మార్చే బుడ్డిని నూనెపాత్రకన్నా ఎత్తులో ఉంచారు. ఇక్కడ మిత్రులకు ఒక సందేహం రావచ్చు. 30 సెంటీమీటర్ల నీటిస్తంభం ఇచ్చే ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 30 గ్రాములు మాత్రమే. వై.పి. ఇంజన్ బాయిలర్ ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు సుమారు 14.8 కిలోలు, అంటే దానికి దాదాపు 500 రెట్లు. ఏనుగు ముందు చీమ! మరి నూనె ఎలా ముందుకు పోతుంది? జవాబు తేలికే. నూనె వెనుకవైపునా, ముందువైపునా అదే బాయిలర్ ఆవిరి ఒత్తేట్టు గొట్టాలు అమర్చుతారు. రెండు ఏనుగులూ సమానంగా తోసుకుంటే మధ్యన చీమ ఎటు తోస్తే అటే కదలిక. త్రాసులో రెండువైపులా మణుగు పెట్టినా, ఒకవైపు గురిగింజ వేస్తే అది మొగ్గదా!

నూనె పోసేవాడే కనిపెట్టాడు

ఈ విషయంలో మరువరాని పేరు ఎలైజా మెకాయ్. కెంటకీ రాష్ట్రంలో బానిసత్వం నుంచి తప్పించుకొని కెనడా చేరిన నల్లజాతి దంపతుల కొడుకు. 1844లో పుట్టాడు. చిన్నవయసులోనే స్కాట్లండుకు పోయి మెకానికల్ ఇంజనీరింగు నేర్చుకొని వచ్చాడు. ఇంత చదివి వస్తే అమెరికాలో ఆ రంగు మనిషికి ఇంజనీరు ఉద్యోగం ఎవరూ ఇవ్వలేదు. మిషిగన్ సెంట్రల్ రైల్‌రోడ్‌లో బొగ్గు వేసి, నూనె పోసే పని దొరికింది.

బండి మాటిమాటికీ నిలవడం, దిగి నూనె పోయడం, మళ్ళీ ఎక్కడం. ఆ పని చేసిన చేతులతోనే ఆయన ఆవిరి ఒత్తిడి చేత తనంత తానే నూనె వదిలే గిన్నెను తయారుచేసి 1872లో పేటెంటు పొందాడు. జీవితకాలంలో యాభైకి పైగా పేటెంట్లు సంపాదించి 1929లో మరణించాడు. అసలైన సరుకును 'రియల్ మెకాయ్' అనడం ఈయన పేరు మీదనే వచ్చిందని చాలాచోట్ల చెబుతారు. కాని అలాంటి నుడికారం స్కాట్లండులో 1856 నాటికే ఉన్నది గనుక దాన్ని రుజువైన విషయంగా తీసుకోరాదు. మొదటి నూనెగిన్నె కూడా ఆయనది కాదు. రామ్స్‌బాటమ్‌ది అంతకు ముందే వచ్చింది. అయినా కష్టం తెలిసినవాడే దాని మీద మెదడు పెట్టాడనే సంగతి మాత్రం అలాగే నిలిచి ఉంది. ఆయనకు ఆ కట్టుకథ అవసరం లేదు.

కంటికి కనిపించే చుక్క

తనంత తాను నూనె పడుతున్నదంటే సరేగాని, పడుతున్నదో లేదో తెలిసేదెట్లా? దీనికోసం డ్రైవరు ఎదుట నీళ్ళు నింపిన గాజుగొట్టం పెట్టారు. సిలిండర్‌కు పోయే నూనె అందులో కిందనుంచి చుక్క చుక్కగా పైకి తేలుతూ కనిపిస్తుంది. నిమిషానికి ఎన్ని చుక్కలో లెక్కపెట్టి స్క్రూ తిప్పి సరిచేయవచ్చు. పెద్దతాత మాటల్లోనే చెబుతాను: "నీళ్ళల్లో చుక్క ఎక్కుతా ఉంటే మాకు ధైర్యం. నిలిచిపోయిందా, గుండె ఝల్లుమనేది."

దీనికీ ఒక లోపం ఉంది. బండి స్టేషన్లో నిలిచినా చుక్క పడుతూనే ఉంటుంది, కవాటం కట్టేయాలి. ఆ లోపం తీర్చడానికే యాంత్రిక నూనెపంపు వచ్చింది. ఇంజన్‌లో కదిలే భాగానికి ఒక చేయి తగిలించి, పళ్ళచక్రాన్ని పన్ను పన్నుగా తిప్పుతూ చిన్న చిన్న పిస్టన్లతో నూనె తోస్తుంది. చక్రాలు ఎంత తిరిగితే అంత నూనె. నిలిస్తే లేదు.

మన దారి ఎత్తుపల్లాలకు ఇది బాగా అర్థమవుతుంది. ధర్మవరం కన్నా హిందూపురం 200 మీటర్లకు పైగా ఎత్తులో ఉంది. ఎక్కేటప్పుడు ఇంజన్ నిండా ఆవిరి. దిగేటప్పుడు ఆవిరి కట్టేస్తే బండి దానంతట అదే జారుతుంది. కాని పిస్టన్లు ఆడుతూనే ఉంటాయి. అప్పుడవి పంపులాగా మారి పొగపెట్టెలోని వేడి వాయువులను, మసిని సిలిండర్‌లోకి పీలుస్తాయి. ఉన్న నూనె మాడి బొగ్గవుతుంది. అందుకే అనుభవం ఉన్న డ్రైవర్లు దిగుడులో కూడా కొంచెం ఆవిరి తెరిచి ఉంచేవాళ్ళట.

చేసి చూడవలసిన ప్రయోగం

ఒక సీసా నిండా వేరుసెనగ నూనె పోయండి. రెండు రంధ్రాల బిరడా బిగించండి. ఒక రంధ్రంలోంచి గరాటు గొట్టం అడుగుదాకా దించండి. రెండవదానిలో చిన్న వంపుగొట్టాన్ని బిరడా అంచువరకే ఉంచండి. గరాటు ఎత్తుగా ఉండాలి. అందులో నీళ్ళు బొట్లు బొట్లుగా వేస్తే వంపుగొట్టంలోంచి నూనె బొట్లు బొట్లుగా వస్తుంది. రామ్స్‌బాటమ్ గిన్నె మన ప్రయోగశాల బల్ల మీదికి వచ్చినట్లే.

చివరి మాట

ఇప్పుడు మొదట దాచిన కారణం చెబుతాను. మాకు చెరకు గానుగ ఉంది. డీజిల్ ఇంజన్‌తో ఆడుతుంది. ఆ ఇంజన్ కూడా తనంత తానే నూనె పూసుకుంటుంది. అడుగున తొట్టిలో ఆయిలు, దాన్ని చిలకరించే గరిటె లాంటి భాగం. మనిషి చేయవలసింది ఒక్కటే. పొద్దున పుల్ల తీసి ఆయిలు ఎంతుందో చూడాలి. నేను పదవ తరగతిలో ఉండగా నాయన ఆ పని నాకు అప్పగించాడు. ఒకరోజు "ఆయిలు చూసినావా రా?" అని అడిగితే, చూడకుండానే "చూసినా నాయనా" అన్నాను. క్రికెట్ ఆటకు తొందర.

మధ్యాహ్నానికి ఇంజన్ పట్టేసింది. బేరింగ్ కాలిపోయింది. కొట్టిన చెరకు కళ్ళంలో కుప్పగా పడి ఉంది. కొట్టిన చెరకు నిలవుంటే అందులోని చక్కెర విరిగిపోతుంది, బెల్లం గట్టిపడదు, నల్లబడుతుంది. రిపేరు అయ్యేసరికి నాలుగు రోజులు. ఆ ఏడు మా బెల్లం హిందూపురం మార్కెట్టులో తక్కువ ధరకు పోయింది. రిపేరు ఖర్చుకు రెండు గొర్రెలు అమ్మినారు. నాయన నన్ను కొట్టలేదు, తిట్టలేదు. మర్నాటి నుంచి పుల్ల తీసి ఆయనే చూసుకున్నాడు. దెబ్బకన్నా అది నాకు ఎక్కువ తగిలింది.

ఈనాడు పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నాయి. వాటి ఇంజన్లలో పంపు నూనె తోస్తుంది, ఒత్తిడి తగ్గితే ఎర్రదీపం వెలుగుతుంది. ఆ దీపం ఎవరో కాదు, పెద్దతాత చూసిన గాజుగొట్టంలోని చుక్కే. మనిషి చేతిని పని నుంచి తప్పించిన ప్రతి ఇంజనీరూ మనిషి కంటికి మాత్రం ఒక కిటికీ ఉంచాడు. యంత్రశాస్త్రం చదివే మిత్రులు ఆ కిటికీ ఎక్కడుందో ముందు కనుక్కోవాలని నా మనవి.

పోయిన సంక్రాంతి సెలవుల్లో గానుగ మొదలుపెట్టే పొద్దున నాయన పుల్ల నా చేతికిచ్చాడు. తుడిచి, ముంచి, తీసి చూశాను. గీతకు తగ్గింది. పోసి, మళ్ళీ చూసి, అప్పుడు చెప్పాను.