నడుము నొప్పి: విశ్రాంతి ఎంత? శ్రమ ఎంత?

"ఆరోగ్యమే మహాభాగ్యం" అని చిన్నప్పటి నుండి కాపీ పుస్తకాల్లో రాస్తూనే వచ్చాము. ఆ మాటకు అర్థం మాత్రం మా నాన్నగారు మంచం పట్టినప్పుడే నాకు తెలిసింది.

మాది గోదావరి డెల్టాలో వ్యవసాయ కుటుంబం. రెండేళ్ళ క్రితం సార్వా మాసూళ్ళప్పుడు ధాన్యం బస్తా ఎత్తబోయి నాన్నగారు అక్కడే కూలబడిపోయారు. నొప్పి నడుములో మొదలై పిరుదు మీదుగా పిక్క దాకా లాగేసేది. "కదలకు, పడుకో" అన్నారు ఇరుగుపొరుగువారు. ఆరు వారాలు నులక మంచం దిగలేదు. నొప్పి తగ్గలేదు సరికదా, నాలుగడుగులు వేస్తే కాళ్ళు వణికేవి. మూడు నెలలు దాటేసరికి, ఆపరేషను తప్పదేమో, అరెకరం అమ్ముదామా అని ఇంట్లో మాట వచ్చింది. ఆ భయంతోనే ఈ విషయం గూర్చి చదవటం మొదలుపెట్టాను. చదివినదీ, కళ్ళారా చూసినదీ తోటి విద్యార్థులకు చెప్పటమే ఈ వ్యాసం ఉద్దేశం.

నొప్పి ఎక్కడిది?

మన నడుములో ఐదు వెన్నుపూసలు ఉంటాయి. పూసకూ పూసకూ మధ్య డిస్కు అనే మెత్తని బిళ్ళ ఉంటుంది. దాని అంచు గట్టి నారతోనూ, లోపలి భాగం జిగురు పదార్థంతోనూ ఏర్పడింది. అంచు చిట్లితే జిగురు బయటకు వచ్చి పక్కనున్న నరం మొదలును ఒత్తుతుంది, మండిస్తుంది. కాలిలోకి దిగే ఈ నొప్పినే సయాటికా అంటారు. 1934లో బోస్టన్ డాక్టర్లు మిక్స్టర్, బార్ ఈ సంబంధాన్ని వివరించిన తరువాత డిస్కు ఆపరేషన్లు బాగా పెరిగాయి.

అయితే బయటకు వచ్చిన జిగురు ఎల్లకాలం అలాగే ఉండిపోదు. శరీర రక్షణ కణాలే దానిని క్రమంగా హరిస్తాయి. 2007లో నెదర్లాండ్స్ వైద్యులు 283 మంది సయాటికా రోగుల మీద జరిపిన పరిశీలనను ప్రచురించారు. త్వరగా ఆపరేషను చేయించుకున్నవారికి ఉపశమనం ముందుగా వచ్చింది. కానీ ఏడాది తిరిగేసరికి రెండు వర్గాలవారూ సమానంగా కోలుకున్నారు. ఆగి చూసినవారిలో 39 శాతం మందికి ఆ ఏడాదిలో ఆపరేషను అవసరమైంది, తక్కినవారికి కాలేదు.

విశ్రాంతి మందే, కానీ మోతాదు ఉంది

1986లో అమెరికాలో 203 మంది నడుము నొప్పి రోగులలో కొందరికి రెండు రోజులు, కొందరికి ఏడు రోజులు పడక విశ్రాంతి చెప్పి చూశారు. రెండు రోజులవారు పనికి పోలేని దినాలు 45 శాతం తక్కువ. ఎక్కువ పడుకున్నందువల్ల అదనపు లాభం కనిపించలేదు. నెలల తరబడి పడుకుంటే కండరాలు సన్నబడతాయి, కీళ్ళు బిగుస్తాయి, భయం పెరుగుతుంది. కొండ నాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడినట్టే! పైగా మూడు నెలలు దాటిన నొప్పిలో నరాలు అతిగా స్పందించటం అలవాటు చేసుకుంటాయి. అందుచేత నొప్పి కలిగిన ప్రతిసారీ లోపల కొత్తగా ఏదో తెగిందని అర్థం కాదు.

మెట్టు మెట్టుగా

పట్నంలో చూపించిన డాక్టరు గారు కాలిలో బలం తగ్గలేదనీ, మూత్రం సరిగా వస్తున్నదనీ నిర్ధారించుకుని, "ముందు నడిపిద్దాం" అన్నారు. నాన్నగారు ఇబ్బంది లేకుండా సుమారు పది నిమిషాలు నడవగలిగేవారు. మొదలుపెట్టింది ఎనిమిదితో. రెండు మూడు రోజులకొక నిమిషం పెంచాలి. బాగున్న రోజున ఎక్కువ నడవకూడదు. బాగులేని రోజున బొత్తిగా మానకూడదు. పెరిగిన నొప్పి మర్నాటి ఉదయానికీ తగ్గకపోతే ఒక మెట్టు దిగాలి.

"ఏరా, ఎనిమిది నిమిషాల నడక కూడా వైద్యమేనా?" అని మొదట నవ్వారు. తరువాత ఆయనే అన్నారు: "ఎండాకాలమంతా కొట్టంలో కట్టేసిన ఎద్దును మొదటి రోజే పొద్దస్తమానం దున్నిస్తామా?" నేను చదివిన పుస్తకాలన్నిటి సారం ఆ ఒక్క మాటలో ఉంది.

నడక కుదిరాక వెల్లకిలా పడుకుని మోకాళ్ళు మడిచి నడుము పైకెత్తటం, చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవటం నేర్పారు. ఆ తరువాత సగం బకెట్టు నీళ్ళు, ఆపైన నిండు బకెట్టు. నొప్పి మాత్రలు డాక్టరు చెప్పినన్ని రోజులే వాడారు. ఊళ్ళో కొందరిలా ఏళ్ళ తరబడి మింగితే కడుపుకీ మూత్రపిండాలకీ చేటు.

ఒక హెచ్చరిక

మూత్రం ఆగిపోవటం లేదా తెలియకుండా పోవటం, తొడల మధ్య స్పర్శ పోవటం, కాలి పాదం వేలాడిపోవటం ఇవన్నీ ప్రమాద చిహ్నాలు. అప్పుడు ఒక్క పూట కూడా ఆగకుండా ఆసుపత్రికి పోవాలి, ఆపరేషనే కాపాడవచ్చు. జ్వరంతోనో, కారణం లేకుండా బరువు తగ్గుతూనో వచ్చే నొప్పిని కూడా డాక్టరుకు వెంటనే చూపించాలి. ఆపరేషను శత్రువు కాదు, తొందరే శత్రువు.

ఎనిమిది నెలలకు నాన్నగారు మళ్ళీ పార పట్టి గట్టు చెక్కారు. నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. బస్తాలు మాత్రం ఇప్పుడు నేనూ, తమ్ముడూ ఎత్తుతాం. అరెకరం మా చేతిలోనే ఉంది. నిదానమే ప్రధానమని పెద్దలన్నది ఊరికే కాదు.