ఆన్‌లైను అంగడిలో ఇంటి సామగ్రి కొనుట

ఎద్దును కొనువాడు పండ్లు చూచును, గిట్టలు చూచును, సుళ్ళు చూచును, నాలుగడుగులు నడిపించి చూచును. అంతటితో తృప్తి నొందక అమ్మువాని యూరికి పోయి నలుగురిని విచారించును. ఇంత జాగరూకత గల మన రైతులే రాత్రి భోజనమైన పిదప మంచముపై పరుండి, సెల్‌ఫోనులో బొమ్మ చూచి, పదివేల రూపాయల వస్తువునకు సొమ్ము చెల్లించుచున్నారు. ఎగతాళికై ఈ మాట వ్రాయుట లేదు. మా సంఘమే ఆ పని చేసి నష్టపడినది. ఆ సంగతి ముందుగా చెప్పి పిమ్మట పాఠమునకు వత్తుము.

సంఘ కార్యాలయమునకు వచ్చు వృద్ధ సభ్యులలో కొందరు మోకాళ్ళ నొప్పులచే క్రింద కూర్చుండలేరు. వారి సౌకర్యార్థము మరుగుదొడ్డిలో కుర్చీవలె కూర్చుండు కమోడును పెట్టింప నిశ్చయించితిమి. పట్నపు దుకాణముకంటె తొమ్మిదివందల రూపాయలు తక్కువకు వచ్చుచున్నదని ఆన్‌లైను అంగడిలో ఒకటి తెప్పించితిమి. అది వచ్చినది ధాన్యము కొనుగోలు దినములలో. ఎవరికిని తీరిక లేక, పెట్టెను విప్పకయే గోదాములో బస్తాల ప్రక్కన పదునొకండు దినము లుంచితిమి. తరువాత ప్లంబరు వచ్చి విప్పిచూడగా సరకు చక్కగానే యున్నది; కాని దాని మలద్వారపు గొట్టము నేలలోనికి దిగునది. మా గదిలో నున్న గొట్టమో గోడలోనికి పోవునది. నేలలోనికి దిగుదానిని ఎస్ ట్రాపు అనియు, గోడలోనికి పోవుదానిని పీ ట్రాపు అనియు పనివారందురు. ఒకదాని చోట ఒకటి పనికిరాదు. తిరిగి పంపుటకు గడువు ఏడు దినములు, అది దాటిపోయెను. విక్రేతను నిందింపబోయి, ఆ వస్తువును గూర్చిన వివరములు మరల చదువగా, ఎస్ ట్రాపు అనియు, గోడనుండి గొట్టపు మధ్యభాగమునకు 9 అంగుళములనియు స్పష్టముగా వ్రాయబడి యుండెను. మేము చదువలేదు. అంతియే.

సభ్యులు ముఖ్యముగా గ్రహింపవలసిన భేద మిచ్చటనే యున్నది. సరకులోని దోషము వేరు, మన కొలతలోని దోషము వేరు. మొదటిదానికి చట్టము తోడుండును. రెండవదానికి విక్రేత దయ తప్ప వేరు దిక్కు లేదు.

చట్టము సంగతి కొంచెము చెప్పెదము. 2019 సంవత్సరపు వినియోగదారుల రక్షణ చట్టము ఆన్‌లైనున కొనినవానిని గూడ వినియోగదారునిగానే యెంచును. 2020 సంవత్సరపు ఈ-కామర్సు నియమముల ప్రకారము, వచ్చిన వస్తువు చెడినదైనను, నకిలీదైనను, ప్రకటనలో చెప్పిన లక్షణములు లేనిదైనను దానిని తిరిగి తీసికొనుటకు విక్రేత నిరాకరింపరాదు. ఆన్‌లైను అంగడివారు ఫిర్యాదుల అధికారి నొకరిని నియమింపవలెను. ఆ యధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలోపల తెలియజేసి, నెల దినములలోపల పరిష్కరింపవలెను. అట్లు జరుగనియెడల 1915 అను సంఖ్యకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు చెప్పుకొనవచ్చును. అప్పటికిని కానిచో జిల్లా వినియోగదారుల కమిషను కలదు. విక్రేత బెంగుళూరున నున్నను ఢిల్లీలో నున్నను, మనము నివసించు జిల్లాలోనే దావా వేయవచ్చును. చెల్లించిన వెల అయిదు లక్షలకు మించనియెడల రుసుము లేదు. రెండు సంవత్సరములలోపల వేయవలెను. కాని ఇవన్నియు వస్తువు అబద్ధమాడినప్పుడు మాత్రమే. మన గోడ ఎట్లున్నదో మనమే చూచుకొనక పోయినచో ఏ కమిషను ఏమి చేయగలదు?

చూడని సరకు కొనుట మనకు క్రొత్త గాదు. మన పెద్దలు పత్రికలలో ప్రకటనలు చూచి గడియారములు, మందులు వి.పి. పార్సెలుగా తెప్పించుకొనెడివారు. పోస్టుజవానునకు సొమ్ము చెల్లించిన పిదపనే పొట్లము విప్పవలసి యుండెడిది. లోపల రాళ్ళున్న కథలు ఆనాడును వింటిమి. అయితే గడియారమును ఏ గోడకు తగిలించినను తిరుగును. కుళాయి, గీజరు, కమోడు అట్లు గావు. అవి మన యింటి గొట్టములతోను, తీగెలతోను, నీటితోను పొందికపడవలెను. కావున ఇంటి కొలతలు తీసికొనిన పిదపనే ఫోను చేత బట్టవలెను.

గీజరును దృష్టాంతముగా తీసికొందము. సాధారణముగా మన యిండ్లలో పెట్టునది 2000 వాట్లది. 230 వోల్టులవద్ద అది 8.7 ఆంపియర్లు లాగును. మన గోడలలోని చిన్న సాకెట్లు 6 ఆంపియర్లవి. వానిలో దీనిని తగిలించినచో సాకెట్టు కాలును. 16 ఆంపియర్ల సాకెట్టు, దానికి తగిన లావుగల తీగె, మంచి ఎర్తింగు ఉండవలెను. నీటితో పని గనుక ఎర్తింగు విషయమున రాజీ వలదు. ఇది ప్రాణములతో కూడిన సంగతి. ఇంకొకటి: మన యూళ్ళలో సాయంకాలము వోల్టేజి పడిపోవుట అందరెరిగినదే. 180 వోల్టులకు దిగినప్పుడు ఆ గీజరు 2000 వాట్లకు బదులు 1225 వాట్ల పని మాత్రమే చేయును. నీరు కాగుటకు ఒకటిన్నర రెట్లకు మించి కాలము పట్టును. వస్తువు చెడినదని తిట్టుటకు ముందు ఈ లెక్క చూచుకొనవలెను. ఐ.ఎస్.ఐ. ముద్ర, దానితో సి.ఎం./ఎల్. అని మొదలగు లైసెన్సు సంఖ్య ఉన్నవో లేవో చూడవలెను. ప్రభుత్వపు బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో ఆ సంఖ్యను వేసినచో అది నిజమైనదో కాదో తెలియును. బొమ్మపై ముద్ర ఉన్నంత మాత్రాన చాలదు. పెట్టె విప్పిన పిదప వస్తువుపై గూడ ఉండవలెను.

జల్లు స్నానపు పరికరములు కొనువారు మరియొక లెక్క తెలిసికొనవలెను. సుమారు 33 అడుగుల ఎత్తు నీరు ఒక బారు ఒత్తిడి నిచ్చును. మన మిద్దెలపై తొట్టి యొక్క అడుగుభాగము జల్లుకంటె ఆరడుగుల ఎత్తున నుండుట సామాన్యము. అనగా మనకు లభించు ఒత్తిడి బారులో అయిదవ వంతు కంటెను తక్కువ. వెడల్పైన పళ్ళెమువంటి జల్లులలో పెక్కింటికి అర బారో, ఒక బారో కావలెనని వివరములలో వ్రాసియే యుండును. ఆ బొమ్మలో వర్షమువలె కురియుచున్న జల్లు మన యింట కారుచున్న చూరునీళ్ళ వలె పడును. దానికై మరల పంపు పెట్టవలసి వచ్చును. చవక యెచ్చట మిగిలినది?

వెల విషయమునను ఇట్లే. తెరపై కనబడు సంఖ్య ఇల్లు చేరిన వెల గాదు. బిగించుట ఉచితమని వ్రాసినను, గొట్టములు, వాల్వులు, మేకులు మొదలగువానికి వేరుగా పుచ్చుకొనుట కలదు. అవి యన్నియు కలిపి, పట్నపు దుకాణదారుడు చెప్పు వెలతో పోల్చవలెను. ఆ దుకాణదారుడు వస్తువు చెడినప్పుడు మనకు కనబడువాడు. దానికిని కొంత వెల కట్టవలెనని మా యభిప్రాయము. ఇక "ఒక్కటే మిగిలినది, పది నిమిషములే గడువు" అని తొందరపెట్టు వ్రాతలను నమ్మవలదు. లేని తొందర కల్పించుట, అడుగని వస్తువును బుట్టలో చేర్చుట మొదలగు పదమూడు విధముల కపట పద్ధతులను కేంద్ర ప్రభుత్వము 2023 నవంబరులో నిషేధించినది. నిషేధించినంత మాత్రమున మాయమైనవని యెంచరాదు.

సరకు వచ్చిన దినముననే విప్పవలెను. ధాన్యము తూకములో నున్నను, పెండ్లి పనిలో నున్నను, ఇది మాత్రము వాయిదా వేయరాదు. విప్పకముందు పెట్టె ఆరు ప్రక్కల ఫోటోలు తీయవలెను; విప్పునప్పుడు ఇంటి పిల్లవానిచేత ఆద్యంతము వీడియో తీయింపవలెను. పింగాణి సామానునకు ఇది మరింత అవసరము. సన్నని నెర్రె కంటికి ఆనదు, నీరు పోసినప్పుడే తెలియును. బిల్లులో మన పేరు, విక్రేత జి.ఎస్.టి. సంఖ్య ఉన్నవేమో చూడవలెను. ఒకసారి సిమెంటు పెట్టి బిగించిన పిదప తిరిగి పంపుట పొసగదు గనుక, కొలతలు సరిచూచువరకు మేస్త్రీని ముట్టనీయరాదు.

మరమ్మతు సంగతి పలువురు మరతురు. క్రొత్తరకము బి.ఎల్.డి.సి. పంకాలు సుమారు 30 వాట్లతో తిరుగును. పాతవి 75 వాట్ల వరకు లాగును. కరెంటు బిల్లు తగ్గుట నిజమే. కాని పాత పంకా కాలినచో మన సంతవీధిలోని మేస్త్రీ కాయిలు చుట్టి యిచ్చును. ఈ క్రొత్తదానిలోని ఎలక్ట్రానిక్ పలక చెడినచో కంపెనీవాడే రావలెను. మన పిన్‌కోడునకు వారి మనిషి వచ్చునో రాడో కొనకముందే అడిగి తెలిసికొనుడు.

ఆ మనిషిని పిలుచునప్పుడు గూడ ప్రమాదము కలదు. మా సభ్యు డొకరు గీజరు మరమ్మతునకై ఫోనులో వెదకి దొరికిన సంఖ్యకు మాటలాడిరి. అవతలివాడు పది రూపాయలు నమోదు రుసుమని చెప్పి, ఒక లింకు పంపి, పిన్ను కొట్టుమనెను. కొట్టిన మరుక్షణమే పంట రుణపు సొమ్ములో పదునాలుగువేలు పోయెను. కంపెనీ ఫోను సంఖ్యను వారంటీ కాగితముపైనను, వస్తువుపై అంటించిన చీటీపైనను చూచుకొనవలెనే కాని, వెదకగా కనబడినదాని నెల్ల నమ్మరాదు. వాపసు సొమ్ము వచ్చుటకు యు.పి.ఐ. పిన్ను ఎన్నడును అవసరము లేదు. పిన్ను అడిగినచో అది మన సొమ్ము పోవుటకే. పోయినచో సిగ్గుపడి ఊరకుండక తక్షణమే 1930 సంఖ్యకు ఫోను చేయవలెను. ఆలస్యమైన కొలది ఆ సొమ్ము చేతులు మారిపోవును. మా సభ్యుడు ఇంటిలో చెప్పుటకు వెరచి రెండు దినములు ఊరకుండెను.

గీజరులు, పంకాలు కొనదలచినవారు వచ్చు నెల సమావేశమునకు ముందు సంఘ కార్యదర్శికి పేర్లిచ్చినయెడల, పది పదునైదు కుటుంబముల పక్షమున పట్నపు దుకాణదారులతో ఒకే మారు బేరమాడి చూచెదము. ఆన్‌లైనుకంటె ఎక్కువ చెప్పినచో ఎవరికిని నిర్బంధము లేదు. కొలతలు తీసికొనుటకు ఉక్కు టేపు కార్యాలయములో నున్నది; సంతకము చేసి తీసికొనిపోయి మరుదినము తెచ్చి యీయవలెను.

మా కమోడు ఇంకను గోదాములోనే యున్నది. పగులు లేదు. నేల గొట్టము గోడనుండి 9 అంగుళములలో నున్న యింటివారెవరైనను కొలిచి చూచుకొని వచ్చినచో, కొన్న వెలలో సగమునకు ఇచ్చెదము.