పంట పోయిన ఇంటికి వెళ్లగల ఉద్యోగం: సైకియాట్రిక్ సోషల్ వర్కర్

1987-88లో తెల్లదోమ పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఊడ్చేసింది. అప్పుల పాలైన రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2021లో మిరప తోటల మీద నల్ల తామరపురుగు పడి పూత రాలిపోయింది. పురుగు మారినప్పుడల్లా మందు మార్చడం ఈ నేలకు అలవాటే. పంట పోయాక నిద్ర పట్టని మనిషిని పలకరించేదెవరన్న ప్రశ్నకే జవాబు దొరకలేదు. మానసిక రుగ్మతలున్న వారిలో, రుగ్మతను బట్టి, నూటికి 70 నుంచి 92 మందికి చికిత్స అందడం లేదని 2015-16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే తేల్చింది. ఈ వెలితిని పూడ్చే చదువు సోషల్ వర్క్. దానికి ఈ పల్లెల పిల్లలే బాగా తగినవారు.

డాక్టరు మందు రాస్తారు. ఆ చీటీ ఇంటికి చేరాక సోషల్ వర్కర్ పని మొదలవుతుంది. మందులు మధ్యలో ఎందుకు ఆపేశారు, గాలి సోకిందని ఎవరంటున్నారు, తాగుడుకు ఎంత పోతోంది అన్నవి ఇంటి అరుగు మీద కూర్చుంటేనే తెలుస్తాయి. ‘మనసు బాగాలేదు’ అని రైతు నోరు విప్పి చెప్పడు. గుండె దడ, ఒళ్లు నొప్పులు అంటాడు. ఆ మాట వెనక మాట వినడానికి శిక్షణతో పాటు ఊరి భాషా కావాలి. తీవ్రమైన జబ్బుతో ఏళ్లు గడిపిన వారికి వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ వచ్చేలా చూడడం, మిర్చి తొడిమలు తీసే పనికైనా రోజుకు రెండు గంటలు వెళ్లగలిగేలా నిలబెట్టడం పునరావాసంలో భాగాలు.

‘అప్పే అసలు రోగమైతే మాటలు ఏం చేస్తాయి?’ అని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఓదార్పుతో వడ్డీ తగ్గదు. అందుకే కౌలు రైతుకు సాగుదారు హక్కుల కార్డు, బ్యాంకు రుణం, నష్టపరిహారం అందే దారి చూపడం కూడా ఈ వృత్తిలో భాగమే. పైగా అత్యంత విషపూరితమైన పురుగుమందులను శ్రీలంక నిషేధించాక అక్కడ ఆత్మహత్యలు బాగా తగ్గాయి. కష్టాలన్నీ తీరేదాకా ఆగకుండానే ప్రాణం కాపాడవచ్చనడానికి అదే రుజువు. పురుగుమందు డబ్బాను ఇంట్లోంచి తీయించడం, ఆపదలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయించడం చిన్న పనులు కావు.

జీతం తక్కువ, కాంట్రాక్టు కొలువులే ఎక్కువ అన్న రెండో అభ్యంతరంలోనూ నిజముంది. వెంటనే స్థిరమైన ఉద్యోగం కావాలనుకునేవారు ఆలోచించుకోవాలి. అయితే 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఈ వృత్తిని నిర్వచించింది. 2021 అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం తన జాబితాలో చేర్చింది. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం బృందంలోనూ దీనికి చోటుంది. డిగ్రీ తర్వాత నాగార్జున, ఆంధ్ర విశ్వవిద్యాలయాల వంటి చోట్ల ఎం.ఎస్.డబ్ల్యు. చేయాలి. దానిపైన బెంగళూరు నిమ్హాన్స్ వంటి సంస్థల్లో సైకియాట్రిక్ సోషల్ వర్క్‌లో రెండేళ్ల ఎం.ఫిల్. చేసినవారిని 2017 చట్టం సైకియాట్రిక్ సోషల్ వర్కర్‌గా గుర్తిస్తుంది. ఈ ఎం.ఫిల్. ప్రవేశాలకు యూజీసీ 2025-26 వరకే అనుమతి ఇచ్చింది కనుక, చేరే ముందు తాజా ప్రకటన చూసుకోవాలి. ఎం.ఎస్.డబ్ల్యు.తోనే డీ-అడిక్షన్ కేంద్రాల్లో, స్వచ్ఛంద సంస్థల్లో పని మొదలుపెట్టవచ్చు. విత్తనం గురించి, మందు గురించి సలహా చెప్పేవారు ఈ నేలకు ఎందరో ఉన్నారు. సేద్యం చేసే మనిషి కోసం చదువుకున్నవారే ఇప్పుడు కావాలి.