గుడ్డ మీద బరువు నిలవాలంటే...
ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: వెల్వెట్‌తో గుమ్మానికి తోరణం కుట్టాను. మధ్యలో అరచేతి అంత ఇత్తడి లక్ష్మీదేవి బిళ్ళ, అంచున చిన్న గంటలు గ్లూ గన్‌తో అంటించాను. ఉగాదికి కట్టాను. పదిహేను రోజులు తిరక్కుండానే ఒక్కొక్కటీ రాలుతున్నాయి. ఇంతకన్నా గట్టి జిగురు ఏది?
- ఓ గృహిణి, తెనాలి

జవాబు: జిగురు కొనడానికి వెళ్ళేముందు, రాలిన బిళ్ళను వెనక్కి తిప్పి చూడండి. ఇత్తడి శుభ్రంగా ఉండి జిగురంతా గుడ్డ మీదే మిగిలితే, లోహాన్ని జిగురు పట్టుకోలేదన్నమాట. జిగురు బిళ్ళకే ఉండి, దానికి వెల్వెట్ నూగు అంటుకుని వస్తే తప్పు గుడ్డ దగ్గర ఉంది. రెండు వైపులా కాస్త కాస్త మిగిలితే జిగురే తెగింది.

మీ బిళ్ళ వెనక శుభ్రంగానే ఉంటుందని నా అనుమానం. గ్లూ గన్ కడ్డీ అంటే వేడికి కరిగే ప్లాస్టిక్. చల్లటి ఇత్తడి తగలగానే, పట్టు దొరక్కముందే గడ్డకడుతుంది. ఆ తర్వాత ఎండకు ఇత్తడి కాలితే మళ్ళీ మెత్తబడుతుంది. వేసవిలో ఎండపడే గుమ్మానికి అది పనికిరాదు.

ఇలా చేయండి. బిళ్ళ వెనక భాగాన్ని గరుకు కాగితంతో గీతలు పడేలా రుద్ది, స్పిరిట్‌తో తుడవండి. తోమిన పొడి, నూనె ఏమాత్రం ఉన్నా జిగురు నిలవదు. బిళ్ళ కూర్చునే మేర వెల్వెట్ నూగును బ్లేడుతో మెల్లగా గీకేయండి. గుడ్డ వెనక బిళ్ళకన్నా రెండు వేళ్ళ వెడల్పు పెద్దదిగా గట్టి బక్రం కుట్టండి. అప్పుడు రెండు ట్యూబులు కలిపి వాడే ఎపాక్సీ రాసి, తోరణాన్ని బల్ల మీద పరిచి ఒక రోజంతా కదపకండి. బిళ్ళకు రంధ్రాలుంటే నాలుగు కుట్లు కూడా వేయండి.

గంటలకు మాత్రం ఏ జిగురూ వద్దు. ఊగే వస్తువు ప్రతి ఊపుకూ జిగురును అంచు నుంచి కొంచెం కొంచెం ఒలుస్తుంది. గంటకు కొక్కెం ఉన్నదే దారం కోసం. నైలాన్ దారంతో, గుడ్డతోపాటు వెనక బక్రం కూడా పట్టేలా కుట్టండి.

ప్రశ్న: కాటన్ సంచి మీద గవ్వలు అంటిద్దామని సూపర్ గ్లూ వేస్తే సన్నగా పొగ వచ్చింది, వేలు చురుక్కుమంది. జిగురు కల్తీదా?
- డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: కల్తీ కాదు, దాని గుణమే అంత. సూపర్ గ్లూలో ఉండేది సయనోఆక్రిలేట్. నూలు పోగుల్లో ఇంకగానే అది ఒక్కసారిగా గట్టిపడుతూ వేడి పుట్టిస్తుంది. జిగురు ఎక్కువైతే చర్మం కాలేంత వేడి వస్తుంది. అందుకే ఈ జిగురుతో పనిచేసేటప్పుడు కాటన్ చేతితొడుగులు వేసుకోకూడదు, ఒలికితే దూదితో తుడవకూడదు. పైగా ఆరాక గాజులా పెళుసవుతుంది, సంచి నాలుగుసార్లు మడిస్తే పగులుతుంది. గవ్వలకు ఆరాక కూడా రబ్బరులా వంగే బి-7000 రకం జిగురు నయం. ముట్టుకుంటే త్వరగానే ఆరినట్టుంటుంది, పూర్తి బలం రావడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. కిటికీలు తెరిచి వాడండి. రంధ్రాలున్న గవ్వలైతే కుట్టేయడమే మేలు.

ప్రశ్న: జార్జెట్ బ్లౌజు వీపు మీద పెద్ద కుందన్ బిళ్ళ పెట్టించాను. ఊడలేదు గానీ, బరువుకు గుడ్డ కిందికి లాగి ముడతలు పడుతోంది.
- ఓ పాఠకురాలు, రాజమహేంద్రవరం

జవాబు: అంటే మీ జిగురు మంచిదే, మోసేవాళ్ళే లేరు. పలచటి జార్జెట్ ఒక్కటే అంత బరువు మోయలేదు. లోపల మందపాటి కాటన్ లైనింగ్ వేయించి, బిళ్ళ ఉన్నచోట ఇస్త్రీతో అంటుకునే పేస్టింగ్ క్యాన్వాస్ ముక్క పెట్టించండి. ఆ ముక్క అంచు గుండ్రంగా ఉండాలి. మూలలుంటే బయటికి గీతలా కనిపిస్తాయి. దాన్ని భుజం కుట్టు దాకా పొడిగిస్తే బరువు కుట్టు మీదికి పోతుంది, గుడ్డ లాగదు. ఒంటి మీద వేసుకునే వాటికి వంగే ముక్కే వాడాలి. గోడకు తగిలించే వాటికైతే సన్‌బోర్డు పెట్టినా ఫర్వాలేదు.

ప్రశ్న: గోడ బొమ్మకు సిలికాన్‌తో అంటించిన అద్దాల వెనక నల్ల మచ్చలు వస్తున్నాయి. ఎందుకు?
- ఓ ఉపాధ్యాయిని, అనంతపురం

జవాబు: వాడేటప్పుడు పుల్లటి వెనిగర్ వాసన వచ్చి ఉంటుంది. ఆ రకం సిలికాన్ ఆరుతూ ఆమ్లం వదులుతుంది, అది అద్దం వెనక పూతను తినేస్తుంది. పడిన మచ్చలు పోవు. ఈసారి ట్యూబు మీద ‘న్యూట్రల్’ అని ఉన్నది చూసి కొనండి.

అందరికీ ఒక మాట: ఏ జిగురైనా ముందు అదే గుడ్డ ముక్క మీద, అదే వస్తువుతో పరీక్షించి, రెండు రోజులు నిలువుగా వేలాడదీయండి. బరువు మోసే పని దారానికీ వెనక పెట్టిన బక్రానికీ అప్పగించండి. వస్తువు కదలకుండా పట్టుకుంటే చాలు, జిగురు తన పని చేసినట్టే.