ముగింపుతో మొదలయ్యే సీరియల్: ప్రశ్నలు - జవాబులు

ప్రశ్న: ఎనిమిది భాగాల సీరియల్ రాద్దామనుకుంటున్నాను. మొదటి భాగంలో అన్న చనిపోతాడు. గోడ అవతలే ఉంటున్న తమ్ముడు కడసారి చూపుకు కూడా రాడు. అక్కడి నుంచి ఒక్కో భాగం వెనక్కి వెళ్తూ, ఇద్దరూ ఒకే కంచంలో తిన్న రోజుల దగ్గర ఆపాలని ఉంది. ముగింపు ముందే చెప్పేస్తే ఇంకెవరు చదువుతారని ఇంట్లో వాళ్లు అంటున్నారు.
- ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: చదువుతారమ్మా. ఇది మనకు కొత్త పద్ధతేమీ కాదు. మహాభారతంలో యుద్ధపర్వాలు చూడండి. సంజయుడు యుద్ధభూమి నుంచి వచ్చి, భీష్ముడు పడిపోయాడని ధృతరాష్ట్రుడికి ముందే చెప్పేస్తాడు. అంతటివాడు ఎలా పడ్డాడని రాజు అడిగాకే మొదటి రోజు యుద్ధం మన ముందుకొస్తుంది. ద్రోణుడి విషయంలోనూ, కర్ణుడి విషయంలోనూ ఇదే వరస. కబురు ముందు, కథ తర్వాత.

మీ పాఠకుడు ‘తర్వాత ఏమైంది’ అని అడగడు, ‘ఇంతదాకా ఎందుకొచ్చింది’ అని అడుగుతాడు. కాబట్టి ప్రతి భాగమూ వెనకటి భాగం లేపిన ప్రశ్నకు జవాబు చెప్పాలి, అంతకన్నా లోతైన ఇంకో ప్రశ్న లేపాలి. తమ్ముడు ఎందుకు రాలేదు? అన్న మంచాన పడ్డప్పుడు చూడటానికి వస్తే గుమ్మంలోంచే పంపేశారు కనుక. పంపేసిందెవరు? వదిన, అదీ భర్తకు తెలియకుండా. ఆవిడకు అంత కోపం ఎందుకు? ఇలా జవాబు దొరికిన ప్రతిసారీ తప్పు ఇంకొకరి మీదికి మారుతూ పోవాలి. చివరికి ఏ ఒక్కరినీ దోషి అనలేని స్థితికి పాఠకుడు రావాలి.

ప్రశ్న: ఇలాంటి కథను మొదట తిన్నగా రాసుకుని, తర్వాత భాగాలను తిరగేస్తే సరిపోతుందా?
- ఒక రచయిత, కరీంనగర్

జవాబు: సంఘటనల పట్టికను తిన్నగానే రాసుకోండి. భాగాలను మాత్రం పాఠకుడు చదివే వరసలోనే రాయండి. తిన్నగా రాసిన భాగం రాబోయే సంఘటనకు మనల్ని సిద్ధం చేస్తుంది. ఆ సంఘటన పాఠకుడికి ముందే తెలిస్తే ఆ సిద్ధం చేయడమంతా వృథా.

నోటుబుక్కులో నాలుగు గళ్లు గీసుకోండి: ఏడాది, జరిగింది, అప్పటికి ఏ పాత్రకు ఏం తెలుసు, అప్పటికి పాఠకుడికి ఏం తెలుసు. చివరి రెండు గళ్ల మధ్య తేడాలోనే ఈ పద్ధతి బలమంతా ఉంది. హెరాల్డ్ పింటర్ నాటకం ‘బిట్రేయల్’ 1978లో లండన్‌లో మొదటిసారి ఆడారు. తొమ్మిది రంగాలు, 1977లో మొదలై 1968లో ముగుస్తుంది. భార్యకూ తన ప్రాణస్నేహితుడికీ సంబంధం ఉందని భర్త వెనిస్‌లో తెలుసుకుంటాడు. ఊరికి తిరిగొచ్చాక అదే స్నేహితుడితో హోటల్లో భోంచేస్తాడు. పైకి నడిచేవన్నీ నవలల గురించీ, ప్రయాణం గురించీ కబుర్లే. ఇతనికి సంగతి తెలుసని అవతలివాడికి తెలియదు, మనకు తెలుసు. అందుకే మామూలు మాట కూడా గుచ్చుకుంటుంది. ఇంకోటి గమనించండి. 1973లో జరిగే మూడు రంగాలు ముందుకే నడుస్తాయి. వెనక్కి వెళ్లడం వ్రతం కాదు, కథకు అవసరమైనచోట ముందుకు రావచ్చు.

అన్ని భాగాల్లోనూ కనబడే వస్తువు ఒకటి ఉంటే మంచిది. ఏలూరు పాఠకురాలి కథలో గోడ ఉంది కదా. మొదటి భాగంలో అది పాచి పట్టి ఉంటుంది. మధ్యలో ఒక భాగంలో తాపీమేస్త్రీ ఇటుకలు పేరుస్తుంటే అన్నదమ్ములిద్దరూ కూలిడబ్బులు చెరిసగం ఇస్తారు. చివరి భాగంలో ఆ వాకిలి నిండా ఈ కొస నుంచి ఆ కొస దాకా మిరపకాయలు ఎండుతుంటాయి. గోడ ఊసు మీరు ఎత్తనక్కర్లేదు, అక్కడ అది లేదని పాఠకుడే గమనిస్తాడు.

ప్రశ్న: వారపత్రికలో వచ్చే సీరియల్‌ను మధ్యలో అందుకునే వాళ్లుంటారు. వాళ్లు తికమక పడకుండా ఏం చేయాలి?
- ఒక రచయిత్రి, విజయనగరం

జవాబు: మీ భయం న్యాయమైనదే. కాఫ్‌మన్, హార్ట్ 1934లో రాసిన ‘మెర్రిలీ వుయ్ రోల్ ఎలాంగ్’ నాటకం కూడా వెనక్కే నడుస్తుంది. స్టీఫెన్ సోండ్‌హైమ్ పాటలతో అది 1981లో బ్రాడ్‌వేకి సంగీత నాటకంగా వచ్చింది. ఎవరు ఎవరో ప్రేక్షకులకు తెలియడానికి నటుల చొక్కాల మీద పాత్రల వివరం రాయాల్సి వచ్చింది. 16 ప్రదర్శనలకే ఆగిపోయింది. తర్వాత ఎన్నో మార్పులు చేశారు. 2023లో మళ్లీ బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు జనం ఆదరించారు, 2024లో టోనీ అవార్డూ దక్కింది. కథలో బలం ఉన్నా, పాత్రలను గుర్తుపట్టలేకపోతే ఎవరూ నిలబడి చూడరు.

అందుకని ప్రతి భాగం తలమీద ఏడాది వేయండి. ‘జరిగిన కథ’ రెండు వాక్యాలకు మించనివ్వకండి. భాగం లోపల కథ ముందుకే నడవాలి, విడిగా చదివినా ఒక కథానికలా పూర్తవ్వాలి. పిలుపులు మార్చకండి. తమ్ముణ్ణి ‘చిన్నోడా’ అని పిలిచే అన్న ఏ వయసులోనైనా అలాగే పిలవాలి. ఆ పిలుపు ఆగిపోయిన రోజు కథలో ఉంటే, అదే పెద్ద సంఘటన. కాలాన్ని వస్తువులతో చూపండి: చేతిలో సెల్‌ఫోన్, వీధి చివర ఎస్టీడీ బూత్, పోస్టాఫీసులో ట్రంకాల్. ఏ ఏడాదికి ఏది ఉందో సరిచూసుకున్నాకే రాయండి.

ప్రశ్న: చివరి భాగంలో అందరూ పిల్లలు, అందరూ మంచివాళ్లు. చప్పగా ఉండదా?
- ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: ఉండకూడదు. అన్నిటికన్నా బరువైన భాగం అదే. కొరియా దర్శకుడు లీ చాంగ్-డాంగ్ తీసిన ‘పెప్పర్‌మింట్ క్యాండీ’ చూడండి. రైలుకు ఎదురుగా నిలబడ్డ మనిషితో 1999లో మొదలై, ఏడు అధ్యాయాల్లో 1979 దాకా వెళ్తుంది. మధ్యలో సైన్యం, పోలీసు ఉద్యోగం అతన్ని ఏం చేశాయో మనం చూసేశాం. చివర్లో అదే ఏటి ఒడ్డున పిక్నిక్‌కు వచ్చిన సిగ్గరి కుర్రాడిగా కనబడితే తట్టుకోవడం కష్టం.

చివరి భాగానికి ఊరికే సంతోషంగా గడిచిన రోజును ఎంచుకోవద్దు. కథ ఇంకో దారిలో వెళ్లగలిగిన రోజును ఎంచుకోండి. ఇద్దరిలో ఒక్కరికే ఫీజు కట్టగలనని తండ్రి అంటాడు. ‘అన్ననే చదువుకోనీ నాన్నా’ అంటాడు తమ్ముడు. పగకు మొదలు ప్రేమలోనే ఉందని తెలిసినప్పుడు పాఠకుడి మనసు కదులుతుంది. అక్కడ ‘పాపం, ముందేం జరగబోతోందో వాళ్లకేం తెలుసు’ అన్న వాక్యం మీరు రాయొద్దు. ఆ మాట పాఠకుడే అనుకుంటాడు.

సీరియల్ పత్రికకు పంపేముందు ఒక పరీక్ష పెట్టండి. ఎనిమిది భాగాలనూ తిన్నని వరసలో పేర్చి చదవండి. అలా చదివినా అంతే బాధ కలిగితే, తిన్నగానే అచ్చు వేయించుకోండి, అందులో నామోషీ లేదు. తిన్నగా చదివినప్పుడు ఆస్తి తగాదాగా మాత్రమే మిగిలి, వెనక్కి చదివినప్పుడు అన్నదమ్ముల కథ అయితే, మీరు ఎంచుకున్న దారి సరైనదే. ధైర్యంగా పంపండి.